ఇరవై అయిదో వంతు లారీ

మిషిగన్ రాష్ట్రంలో ట్రాయ్ అనగానే మన తెలుగువారికి భారతీయ దేవాలయమూ, ఆ చుట్టుపక్కల స్థిరపడిన బంధుమిత్రుల ఇళ్ళూ స్ఫురిస్తాయి. అదే ఊళ్ళో మేపుల్ రోడ్డు మీద ఒకప్పుడు ఒక చిత్రమైన కర్మాగారం ఉండేది. డెట్రాయిట్ మహాసంస్థలు వచ్చే ఏడు విడుదల చేయబోయే కార్ల కొలతలు, పొరుగు సంస్థకు పొక్కనివ్వని రహస్యాలు, ఆ కర్మాగారానికి మాత్రం ముందుగానే చేరేవి. తీరా చూస్తే అక్కడ తయారయ్యే కార్లు జానెడు పొడవైనా మించేవి కావు.

దాని పేరు అల్యూమినం మోడల్ టాయ్స్, పొట్టిగా ఏఎంటీ. 1948లో పుట్టిన ఈ సంస్థ ఫోర్డు కారు నమూనాను, పేరుకు తగినట్టే అల్యూమినంతో పోతపోసి, కార్ల దుకాణాలకు సరఫరా చేసింది. కారు కొనడానికి వచ్చిన తండ్రి రంగులు ఎంచుకొనేందుకూ, వెంట వచ్చిన పిల్లవాడు ఇంటికి వెళ్ళి మారాము చేసేందుకూ ఆ బొమ్మ ఉపకరించేది. కొద్దికాలంలోనే అల్యూమినం పోయి ప్లాస్టిక్ వచ్చింది. తొలినాళ్ళలో వాడిన సెల్యులోజ్ అసిటేట్ ఏళ్ళు గడిచేకొద్దీ కుంచించుకొని వంకరపోతుంది. ఆనాటి బొమ్మలలో నడుము వంగనివి అరుదు. అందుకే సేకర్తలకు అవి ప్రియమైనవి. తరువాత వచ్చిన పాలిస్టైరీన్ ఆ జబ్బుకు మందయింది. 1958లో ఏఎంటీ ఇదే బొమ్మను విడి భాగాలుగా పెట్టెలో పెట్టి, ఎవరి కారు వారే అతికించుకోండని అమ్మింది. ఒకే పెట్టెతో కారును కర్మాగారం నుంచి వచ్చినట్టుగానైనా, సొంత సింగారాలతోనైనా, పందెపు కారుగానైనా కట్టుకోవచ్చు. డెట్రాయిట్‌లో జో-హాన్, మౌంట్ క్లెమెన్స్‌లో ఎంపీసీ, కాలిఫోర్నియాలో రెవెల్, షికాగో ప్రాంతంలో మోనోగ్రామ్ ఇదే వ్యాపారంలో పేరు తెచ్చుకొన్నాయి. 1970ల నాటికి పీటర్‌బిల్ట్, కెన్‌వర్త్ లారీలు కూడా పెట్టెలకెక్కాయి. ఆ సంస్థలు తరువాత చేతులు మారిన కథ పెద్దది. ఏఎంటీ, ఎంపీసీల అచ్చులూ పేర్లూ ఈనాడు ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్‌లో ఉన్న రౌండ్ 2 సంస్థ వద్ద ఉన్నాయని చెప్పి ముందుకు సాగుతాను.

సాగేముందు జో-హాన్ పెట్టెలలో ఒకదానిని గురించి చెప్పకుండా ఉండలేను. 1963, 1964 సంవత్సరాలలో క్రైస్లర్ సంస్థ పిస్టన్లు లేని, విమానాల తరహాలో గ్యాస్ టర్బైనుతో నడిచే కార్లను 55 తయారుచేసింది. కిరసనాయిలు పోసినా, డీజిలు పోసినా, వంటనూనె పోసినా నడిచే కారు అది. దేశమంతటా 203 మందికి వంతులవారీగా వాటిని అప్పిచ్చి, వారి అనుభవాలు సేకరించి, 1966లో ఆ ప్రయోగాన్ని ముగించింది. తరువాత 9 కార్లు తప్ప మిగిలినవన్నీ ధ్వంసం చేశారు. కాని జో-హాన్ 1964లోనే ఆ కారును, టర్బైను ఇంజనుతో సహా, 25వ వంతు కొలతలో కిట్టుగా విడుదల చేసింది. అసలు కార్లు తుక్కయిపోయాయి. నకళ్ళు మాత్రం ఎన్నో ఇళ్ళ అటకల మీద క్షేమంగా ఉన్నాయి. బొమ్మ అని మనం తేలికగా అనేది ఒక్కొక్కప్పుడు అసలుకు దస్తావేజుగా మిగులుతుందన్న సంగతి నాకు మొదట తట్టింది ఈ కారు కథ చదివినప్పుడే. ఇంతకూ ఇదంతా నేను చదవవలసిన అవసరం ఎందుకు కలిగిందో చెబుతాను.

మూడేళ్ళ క్రితం ఒక చలికాలపు సెలవులలో మా అమ్మాయి, అప్పటికి దానికి పదకొండేళ్ళు, హాబీ దుకాణంలో ఒక లారీ కిట్టు చేత పట్టుకొని వదలలేదు. కంప్యూటరు తెర నుంచి కాసేపు కళ్ళు మరలితే చాలునన్న స్వార్థంతో కొన్నాను. పెట్టె తెరిస్తే రెండు వందలకు పైగా ముక్కలు, చట్రాలకు అంటుకొని, గెలకు వేలాడే కాయల్లా ఉన్నాయి. ఉక్కు అచ్చులోకి కరిగిన పాలిస్టైరీన్‌ను తీవ్రమైన పీడనంతో ఎక్కించినప్పుడు అది ప్రవహించిన కాలువలే ఆ చట్రాలు. సున్నితమైన కత్తెరతో తుంచి, గరుకు కాగితంతో రుద్ది, అతికించాలి.

అతికించడం అన్నాను గాని, ఇక్కడ జరిగేది మన అన్నం మెతుకుల అతుకు కాదు. పాలిస్టైరీన్ పొడవాటి గొలుసుల వంటి అణువుల ముద్ద. దానికి పూసే ద్రావకం ఆ గొలుసులను వదులు చేస్తుంది. రెండు ముక్కల అంచులు కలిపి పట్టుకొంటే ఒక ముక్కలోని గొలుసులు రెండో ముక్కలోకి చొరబడి పెనవేసుకొంటాయి. ద్రావకం ఆవిరైపోయాక మిగిలేది జిగురు పొర కాదు, ఒకే ముక్క. కమ్మరి ఇనుమును ఇనుముతో కలిపినట్టే, కాకపోతే నిప్పు లేకుండా. ఒకప్పుడు ఈ ద్రావకాలలో టోలుయీన్ ప్రధానంగా ఉండేది. 1960లలో కుర్రకారు దాని వాసన పీల్చి మత్తుకు అలవాటుపడటంతో ఈ దేశంలో పెద్ద అలజడి రేగింది. 1969లో టెస్టర్స్ సంస్థ తన జిగురులో ఆవనూనె సారాన్ని కలిపింది. పీల్చబోతే ముక్కు మండి, కళ్ళ నీళ్ళు తిరగాలని. ఆ సారం పేరు అల్లైల్ ఐసోథయోసయనేట్. కొత్తావకాయ జాడీ మూత తీసినప్పుడు మన ముక్కుకు తగిలే ఘాటు అదే సుమా! ఇప్పుడు నారింజ తొక్క వాసన గల లిమొనీన్ జిగుర్లు కూడా దొరుకుతున్నాయి. ఏది వాడినా కిటికీ తెరిచి ఉంచడం మరువరాదు.

మా తొలి లారీ అద్దాలను నేనే పాడుచేశాను. పిల్లకు సాయపడాలన్న ఉత్సాహంతో, త్వరగా అంటుకొంటుందని, వంటింటి సొరుగులోని సూపర్ గ్లూ తెచ్చి ముందు అద్దానికి పూశాను. తెల్లవారేసరికి అద్దమంతా మంచు పట్టినట్టు తెల్లబడింది. ఆ జిగురు ఆవిర్లు గాలిలోని తేమతో కలిసి గట్టిపడి, అద్దం మీద తెల్లని పూతగా దిగుతాయట. పోలీసులు వేలిముద్రలు బయటపెట్టడానికి వాడే ఉపాయం కూడా ఇదే. అద్దం మీద నా బొటనవేలి ముద్ర స్పష్టంగా కనబడటంతో నేరస్థుడెవరో విచారణ అవసరం లేకపోయింది.

ఈ పని పిల్లలాటగా మొదలయినా క్రమంగా లెక్కలలోకి దింపుతుంది. అమెరికాలో కార్ల నమూనాలకు 25వ వంతు, 24వ వంతు కొలతలు వాడుకలో ఉన్నాయి; రెండవది అడుగుకు అర అంగుళం. పొడవు 25వ వంతయితే వైశాల్యం 625వ వంతు, ఘనపరిమాణం 15,625వ వంతు అవుతాయి. గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలో వివరించిన సూత్రమే ఇది. 1,500 కిలోల కారు ఈ లెక్కన 96 గ్రాములు తూగాలి. మా అమ్మాయి కట్టిన కారును వంటింటి తక్కెడలో వేస్తే దాదాపు అంతే తూగింది! ఒకటి ఉక్కు, ఒకటి ప్లాస్టిక్. అయినా ఒకేలా తూగడమేమిటని అది అడిగింది. ఉక్కు రేకును 25 రెట్లు పలుచన చేస్తే కాగితంకన్నా పలుచబడుతుంది. ప్లాస్టిక్‌ను అంత పలుచగా పోతపోయలేరు. తేలిక పదార్థం మందంగా, బరువు పదార్థం పలుచగా ఉండి, రెండూ రాజీ పడ్డాయన్నమాట. ఇది యాదృచ్ఛికమే గాని మంచి యాదృచ్ఛికం.

కాలం మాత్రం ఇలా తేలికగా రాజీపడదు. నిజమైన లారీ 20 అడుగుల ఎత్తు నుంచి పడితే నేలను తాకడానికి సెకను పైచిలుకు పడుతుంది. దాని నమూనా 25వ వంతు ఎత్తు నుంచి పడితే అందులో అయిదో వంతు కాలమే పడుతుంది, 25కు వర్గమూలం 5 కనుక. పాత సినిమాలలో కొండ మీంచి దొర్లే కారు బొమ్మ అని మనం ఇట్టే పసిగట్టేది ఈ తొందరపాటు వల్లనే. తెలిసిన సాంకేతికులు సెకనుకు 24 బొమ్మలకు బదులు 120 బొమ్మలు తీసి, మామూలు వేగంతో చూపిస్తారు.

రంగు సంగతి మరీ సూక్ష్మం. నిజమైన కారు మీది రంగు పొరలన్నీ కలిపి సుమారు 120 మైక్రానులనుకొంటే, నమూనా మీద 5 మైక్రానులకు మించరాదు. తలవెంట్రుక మందంలో పదో వంతయినా కాదు. అది చేతితో సాధ్యం కాదు గాని, పొర ఎంత పలుచనైతే తలుపు సందులూ పేరు అక్షరాలూ అంత స్పష్టంగా నిలుస్తాయి. నల్ల టైరుకు నల్ల రంగు వేస్తే బొమ్మలాగానే కనిపిస్తుంది. అడుగు దూరంలో పెట్టి చూసే నమూనా, 25 అడుగుల దూరంలో ఉన్న అసలుకు సమానం. ఆ దూరంలో గాలీ వెలుతురూ కలిసి నలుపును బూడిద చేస్తాయి. కనుక ముదురు బూడిద రంగు వేయాలి. నిజం చెప్పాలంటే కొంచెం అబద్ధమాడాలన్న ఈ సూత్రం చిత్రకారులకు ఏనాడో తెలుసు. మెరుగు చేసేవారు ఇంజనుకు స్పార్కు ప్లగ్గు తీగలు కూడా తగిలిస్తారు. అసలు తీగ 8 మిల్లీమీటర్లయితే ఇక్కడ 0.32. పాత మోటారు చుట్టలోంచి విప్పిన రాగి తీగ సరిపోయింది.

ఇటువంటి పనిని ఈ దేశం ఒకప్పుడు చదువులో భాగంగానే భావించింది. జనరల్ మోటార్స్ వారి ఫిషర్ బాడీ విభాగం 1930 నుంచి 1968 దాకా క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ అనే పేర పిల్లలకు పోటీలు నడిపింది. తొలి ఏళ్ళలో నెపోలియన్ కాలపు రాజరథాన్ని, తలుపులూ అద్దాలూ నగిషీలతో సహా, చేతితో చెక్కాలి. 1937 నుంచి సొంత ఊహతో 12వ వంతు కొలతలో కారు రూపం చెక్కే పోటీ చేరింది. బహుమతి కళాశాల చదువుకు ధనసహాయం. 1947లో జాతీయ బహుమతి గెలిచిన చార్లెస్ జోర్డన్ తరువాత ఆ సంస్థలోనే చేరి, 1986లో రూపకల్పన విభాగానికి అధిపతి అయ్యాడు. చేతిలో చెక్కముక్కా ఉలీ పట్టుకొన్న కుర్రవాడు కోట్లమంది ఎక్కే కార్ల ఆకృతిని నిర్ణయించే స్థానానికి చేరడం అనే అమెరికా కథలలో ఇది నాకు నచ్చినది. నచ్చనిది, ఆ పోటీలో ఆడపిల్లలకు ప్రవేశం లేకపోవడం. మా అమ్మాయికి ఈ సంగతి చెబితే, ‘అందుకే ఆ కాలపు కార్లకు అన్ని రెక్కలూ తోకలూ నాన్నా’ అంది. ఆ సిద్ధాంతాన్ని ఎవరైనా పరిశీలించవలసి ఉంది.

కార్ల రూపకర్తలు ఈనాటికీ కంప్యూటరుతో పాటు మట్టిని వదిలిపెట్టలేదు. వేడిచేస్తే మెత్తబడే ఒక రకం మైనపు మట్టితో కారును నిలువెత్తున మలచి, చేత్తో తడిమి చూస్తారు. కొండపల్లిలో తెల్లపొణికి కర్ర చెక్కే కళాకారుడి వేలికొసలకు తెలిసినది ఇంజనీరు తెర మీద వెతుక్కొంటున్నాడని ఒక్కొక్కసారి అనిపిస్తుంది.

మూడు అమెరికన్ లారీలు కట్టిన తరువాత మా అమ్మాయి అడిగిన ప్రశ్నతో అసలు కథ మొదలయింది. ‘తాతయ్య లారీ కిట్టు ఎక్కడ దొరుకుతుంది?’

మా నాన్నగారు విజయవాడలో ఒకే ఒక లారీకి యజమాని; డ్రైవరూ ఆయనే. 1954లో టెల్కో, డైమ్లర్-బెంజ్ సంస్థల మధ్య కుదిరిన ఒప్పందం 1969 దాకా సాగింది. ఆ కాలంలో జంషెడ్‌పూర్‌లో తయారయిన లారీల ముక్కు మీద మూడు కోణాల నక్షత్రం ఉండేది. మనవాళ్ళు వాటిని బెంజి లారీలనే పిలిచారు. అటువంటిదొకటి నాన్నగారు పాతది కొని, 1974లో ఆటోనగర్‌లో కొత్త తొట్టి కట్టించారు. నేను దాని మీద పెరిగాను. 1988లో అమ్మేశారు. ఆ తరువాత అది ఎక్కడ తుక్కయిందో తెలియదు.

కిట్టు లేదు. ఉండే అవకాశం కూడా తక్కువే. డెట్రాయిట్ కార్ల కొలతలు సంస్థల నుంచి ఏఎంటీకి నడిచి వచ్చేవి. మన లారీ కర్మాగారం నుంచి వచ్చేటప్పుడు చాసిస్సూ, ఇంజనూ, ముందు మూతీ మాత్రమే. క్యాబినూ తొట్టీ కట్టేది ఊరి వడ్రంగులూ, రేకు పనివారూ, రంగుల కళాకారులూ. వారు గీసుకొన్న పటమేదీ లేదు. కొలబద్ద భుజాన వేసుకొని, యజమాని చెప్పింది విని, కట్టేవారు. ఆ లారీలు వేలకు వేలు మన రోడ్ల మీద ధాన్యమూ పత్తీ మోశాయి. ఒక్కదానికీ దస్తావేజు లేదు. త్రీడీ ప్రింటరుతో చేసేద్దామని మా అమ్మాయి ఉబలాటపడింది. ఆ యంత్రం గీసి ఇచ్చినదానినే పోస్తుంది. గీయడానికే కదా మన దగ్గర ఏమీ లేనిది!

ఉన్నది ఒకే ఒక ఫోటో. ఏదో దసరాకు ఆయుధపూజ నాడు తీసినది. బంపరు మీద నేను నిక్కరుతో కూర్చొని ఉన్నాను. బంతిపూల దండలు ముందు జాలీని కప్పేశాయి. అరటి పిలకలు దీపాలను మూసేశాయి. ఆనాటి భక్తిని నేటి పరిశోధకుడిగా తిట్టుకొన్నాను. ఫోటో కొంచెం పక్కవాటుగా తీసినది కావడంతో చక్రం గుండ్రంగా గాక కోడిగుడ్డులా పడింది. కాని ఆ గుడ్డే మాకు కొలబద్ద అయింది. ఆ లారీ టైరు 9.00-20 రకం, దాని ఎత్తు సుమారు 40 అంగుళాలు. ఫోటోలో వెనక చక్రం ఎత్తు 12 మిల్లీమీటర్లు, వెడల్పు 10.8. అంటే పక్కవాటు చూపు వల్ల పొడవులన్నీ 0.9 వంతుకు కుదించుకుపోయాయి. ముందు వెనక చక్రాల కేంద్రాల మధ్య ఫోటోలో దూరం 45 మిల్లీమీటర్లు, 0.9తో భాగిస్తే 50. టైరు లెక్కన 12 మిల్లీమీటర్లకు 40 అంగుళాలయితే 50కి 167 అంగుళాలు, పధ్నాలుగు అడుగులకు రవ్వంత తక్కువ. నమూనాలో అది 6.7 అంగుళాలు. మా అమ్మాయి ఈ లెక్క తానే చేసి, వీడియో ఫోనులో తాతయ్యకు చెప్పింది. ఆయన లెక్కను పట్టించుకోలేదు. ‘పధ్నాలుగడుగులు, తల్లీ. నన్నడిగితే అప్పుడే చెప్పేవాణ్ణి గదా!’ అన్నారు.

ఆనాటి నుంచి ఆదివారం ఉదయాలు వారిద్దరివీ అయినాయి. ఆయనకు ఇప్పుడు ఎనభై అయిదు. నిన్న ఎవరు వచ్చి వెళ్ళారో చెప్పలేరు గాని, కమాను కట్టలో పట్టీలెన్నో, స్టెప్నీ ఎక్కడ వేలాడేదో, క్లీనరు నిలబడే మెట్టు ఎంత వెడల్పో తడుముకోకుండా చెబుతారు. చాసిస్‌ను ఒక పాత కిట్టు నుంచి కోసి తీశాం. క్యాబిను ప్లాస్టిక్ రేకుతో కట్టాం. మొదటిది వంకర వచ్చింది, రెండవది నిలిచింది. తొట్టికి బాస్‌వుడ్ పలకలు వాడాం. బాల్సా చెక్క ఈనెలు మోటు. అంగుళంన్నర పలకను మిల్లీమీటరున్నరకు దించినప్పుడు ఆ ఈనెలు మోకుల్లా కనబడతాయి. దుమ్ముకు రంగు సుద్దపొడి. ఏ దుమ్మంటే నల్లరేగడే అన్నారు నాన్నగారు; గుంటూరు పత్తి తోలిన లారీకి ఇంకే దుమ్ము అంటుతుంది?

ఫోటోలో కనిపించేది కుడి పక్క మాత్రమే. ఎడమ పక్క ఏ ఫోటోలోనూ లేదు. కుడి పక్క లాగానే కట్టేద్దామని పలకలన్నీ కోసి, నీలం రంగు కలిపి పెట్టుకొన్నాం. ఆ ఆదివారం అది తెర ముందు పెట్టి చూపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లైను తెగిందనుకొన్నాను.

‘ఎడమ పక్క కింద నుంచి మూడోది వేప చెక్క, తల్లీ,’ అన్నారు చివరకు. ‘చీరాల దగ్గర బేళ్ళు దింపుతుంటే విరిగింది. అక్కడే ఒక వడ్రంగి వేశాడు. దానికి రంగు వేయించలేదు.’

‘ఎందుకు తాతయ్యా?’

‘ఆ నెలే మీ నాన్నకు కాలేజీ ఫీజు కట్టాలి.’

నాకు ఈ సంగతి తెలియదు. ఆ లారీ ఎక్కి ఎన్నోసార్లు తిరిగాను. ఆ పలకను చూసే ఉంటాను. మా అమ్మాయి అప్పటికే నీలం వేసిన మూడో పలకను తీసి పక్కన పెట్టి, కొత్తదొకటి కోసి, పాలు పోయని టీ డికాషనులో కుంచె ముంచి పలుచగా ఒక్కసారి పూసింది. అది ఆరేదాకా ఆయన ఫోను పెట్టలేదు.